వద్దనగలిగినవాళ్ళు

ఏడాదికి రెండుసార్లు నా ఫోనుకి ఒక మెసేజ్ వస్తుంది. వానాకాలం ఒకసారి, యాసంగి ఒకసారి. ఊళ్ళో మా నాన్న నుంచి నా పేరు మీదకి వచ్చిన రెండెకరాల ముప్పై గుంటలకి ప్రభుత్వం వేసిన రైతుబంధు సొమ్ము అది. ఎకరానికి అయిదువేల లెక్కన 13,750 రూపాయలు పడేవి. నేను అమెరికాలో ఉంటాను. ఆ నేలని చివరిసారి కాళ్ళతో తొక్కి ఎన్నేళ్ళయిందో వేళ్ళ మీద లెక్కపెట్టుకోవాలి. దాన్ని దున్నేదీ, పత్తి విత్తేదీ, మందు కొట్టేదీ, ఏరించేదీ నేను చిన్నప్పటి నుంచీ మామా అని పిలిచే ఒక పెద్దాయన. మెసేజ్ వచ్చిన వారానికి ఆయన ఫోను చేస్తాడు. ఊళ్ళో సంగతులన్నీ చెప్పి, చివర్లో పెట్టేసేముందు, ఏదో గుర్తొచ్చినట్టు అడుగుతాడు: "పైసలు పడ్డయా బిడ్డా?"

పడ్డాయి మామా, అంటాను. మంచిది, అంటాడు. అంతే.

ఈ సంభాషణ మనసులో ముల్లులా ఉండగా విలియం ఫాక్నర్ రాసిన 'ది టాల్ మెన్' అనే కథ చదివాను. పొడగరి మనుషులు అనుకోవచ్చు. ఫాక్నర్ గొప్ప కథల జాబితా ఎవరు రాసినా అందులో ఇది ఉండదు. ఉండాలని నేనూ వాదించను. కానీ ప్రభుత్వం రైతుకి డబ్బివ్వడం, రైతు ఆ డబ్బు వద్దనడం గురించి నేను చదివిన కథల్లో ఇంత సూటిగా మాట్లాడిన కథ ఇంకొకటి లేదు. ఇంత తెలివిగా అసలు విషయాన్ని దాటేసిన కథా లేదు.

కథ 1941 మే 31న 'శాటర్డే ఈవెనింగ్ పోస్ట్' వారపత్రికలో వచ్చింది. అమెరికా ఇంకా యుద్ధంలో దిగలేదు కానీ, కుర్రాళ్ళంతా సైన్యం కోసం పేర్లు నమోదు చేసుకోవాలన్న చట్టం వచ్చేసింది. ఫాక్నర్ సృష్టించుకున్న యోక్నపటాఫా కౌంటీలో, కొండల వైపు ఉండే మెకాలమ్ కుటుంబంలోని కవల కుర్రాళ్ళు ఆ నమోదు చేయించుకోలేదు. వాళ్ళని అరెస్టు చెయ్యడానికి పియర్సన్ అనే ప్రభుత్వ ఉద్యోగి వారంట్లు పట్టుకుని పట్నం నుంచి వస్తాడు. తోడుగా స్థానికుడైన ముసలి మార్షల్ గాంబోల్ట్ వెళ్తాడు. సర్కారు సొమ్ము తింటూ సర్కారు మాట వినని పల్లెటూరి సోమరులు అని పియర్సన్ మనసులో ముందే ఒక లెక్క వేసుకుని ఉంటాడు.

ఇంటికి చేరేసరికి ఆ కుర్రాళ్ళ తండ్రి బడ్డీ మెకాలమ్ మంచం మీద ఉంటాడు. మర యంత్రంలో పడి కాలు నుజ్జయింది. డాక్టరు కాలు తీసేయబోతున్నాడు. మత్తుమందు వద్దని, విస్కీ తాగి ఆయన కాలు కోయించుకుంటాడు. అంతకుముందే కొడుకుల్ని పిలిచి, మెంఫిస్ వెళ్ళి సైన్యంలో చేరండి అని రెండు ముక్కల్లో చెప్తాడు. వాళ్ళు అప్పటికప్పుడు బయల్దేరిపోతారు. పియర్సన్ చేతిలో వారంట్లు అలాగే ఉండిపోతాయి. పేరు రాయించుకోమంటే రాయించుకోనివాళ్ళు, యుద్ధానికి మాత్రం రాత్రికి రాత్రే వెళ్ళిపోయారు. తెగిన కాలుని చీకట్లో కుటుంబ శ్మశానానికి తీసుకెళ్ళి పూడ్చే పని మార్షల్ మీద పడుతుంది. గొయ్యి తవ్వుతూ, పక్కన నిలబడ్డ పియర్సన్‌కి ఆయన ఈ కుటుంబం కథ చెప్తాడు.

ఆ చెప్పే కథలోనే మనకి కావలసిన భాగం ఉంది. వీళ్ళు తరతరాలుగా పత్తి వేసినవాళ్ళు. ఒక ఏడు ప్రభుత్వం వచ్చి, పత్తి తగ్గించి వెయ్యండి, తగ్గించినందుకు డబ్బిస్తాం అంది. అన్నదమ్ములు మర్యాదగా వద్దన్నారు. సాయం అక్కర్లేదు, మా నేల మేం చేసుకుంటాం అన్నారు. ఎప్పటిలాగే వేశారు, పండించారు. తీరా అమ్ముకుందామంటే దారి లేదు, ఎందుకంటే పథకంలో సంతకం పెట్టనివాడి పత్తికి బజారులో చోటు లేదు. అయినా లొంగలేదు. చివరికి పత్తే మానేసి పశువుల పెంపకానికి మళ్ళారు. ప్రభుత్వం దగ్గర మాత్రం పైసా తీసుకోలేదు.

మొదటిసారి చదివినప్పుడు ఇక్కడ నాకు గొంతు పట్టేసింది. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు. నా ఫోనులో మెసేజులు ఉన్నాయి మరి.

కథలో చరిత్ర ఎంత ఉందో చూద్దాం. ఫాక్నర్ ఊరికే కల్పించలేదు. 1929లో పౌను పత్తి ధర పదహారు, పదిహేడు సెంట్లు ఉండేది, 1932కి ఆరు సెంట్ల చిల్లరకి పడిపోయింది. రూజ్వెల్ట్ గెలిచి వచ్చాక 1933 మే 12న వ్యవసాయ సర్దుబాటు చట్టం మీద సంతకం చేశాడు. దాని సూత్రం ఒక్క ముక్కలో చెప్పొచ్చు: పంట తగ్గితే ధర పెరుగుతుంది, కాబట్టి పంట తగ్గించినవాడికి డబ్బివ్వాలి. చట్టం వచ్చేసరికి పత్తి విత్తడం అయిపోయింది. అందుకని ఆ వేసవిలో దాదాపు కోటి ఎకరాల పత్తిని, కాయ పట్టబోతున్న చేలని, దున్నించేశారు. దాదాపు అరవై లక్షల పందిపిల్లల్ని చంపించారు. సాలు మధ్య నడవడమే గాని మొక్క తొక్కకూడదని జీవితమంతా నేర్చుకున్న కంచరగాడిదలు, పచ్చని మొక్క మీద అడుగువేయడానికి మొరాయించాయని ఆ కాలం గురించి దక్షిణాదిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మన ఊళ్ళో ఎడ్లకైనా అంతే కదా. మొక్క తొక్కితే దెబ్బ పడుతుందని వాటికి తెలుసు.

మరుసటేడు 1934లో బ్యాంక్‌హెడ్ చట్టం వచ్చింది. ఇక ఇష్టముంటే చేరడం, లేకపోతే మానడం అన్న మాట పోయింది. ప్రతి రైతుకీ ఒక కోటా పెట్టారు. కోటాకు మించి జిన్నింగ్ మిల్లుకి తెచ్చిన పత్తి మీద ధరలో సగం దాకా పన్ను వేశారు. మెకాలమ్ సోదరులు పండించిన పత్తి అమ్ముకోలేకపోవడం వెనక ఉన్నది ఇలాంటి ఏర్పాటే. 1936 జనవరిలో సుప్రీం కోర్టు 1933 చట్టంలోని కీలక భాగాన్ని కొట్టేసింది. బ్యాంక్‌హెడ్ చట్టాన్నీ వెంటనే రద్దు చేశారు. కానీ డబ్బు ఆగలేదు. అదే ఏడు నేల సంరక్షణ అన్న కొత్త పేరుతో వచ్చింది, 1938లో ఇంకో చట్టంతో స్థిరపడింది. పేర్లు మారుతూ, అది ఇప్పటికీ వస్తూనే ఉంది.

కాబట్టి మెకాలమ్‌ల కోపానికి నిజమైన ఆధారం ఉంది. నా నేలలో నేనేం వెయ్యాలో ఆఫీసులో కూర్చున్నవాడు చెప్పడమేమిటన్నది ఎక్కడి రైతుకైనా అర్థమయ్యే బాధ. మన దగ్గరా, ఫలానా పంట వెయ్యండి, వరి వెయ్యొద్దు అని ఎవరైనా చెప్పినప్పుడల్లా రచ్చబండ దగ్గర వినిపించే మాటే అది.

కానీ కథని రెండోసారి చదివినప్పుడు కొన్ని అనుమానాలు మొదలయ్యాయి. మొదటిది కథనానికి సంబంధించింది. ఈ కథలో బలమైన ఘట్టాలన్నీ మాటలు తక్కువగా ఉన్నవే. తండ్రి కొడుకుల్ని పంపే తీరు, వాళ్ళు ముద్దులూ వీడ్కోళ్ళూ అయిన వెంటనే మరొక మాట లేకుండా వెళ్ళిపోవడం, మంచం మీద మనిషి మౌనం. ఆ తర్వాత మార్షల్ నోరు విప్పుతాడు. ఇక ఆపడు. పథకాల పేర్లనీ పొడి అక్షరాలనీ ఎద్దేవా చేస్తాడు, మనిషికి వెన్నెముక ఉండాలంటాడు, దేశం ఏమైపోతోందంటాడు. గొయ్యి తవ్వుతున్న ముసలాయన నోట ఫాక్నర్ పత్రికా సంపాదకీయం రాశాడనిపిస్తుంది. పియర్సన్‌కి ఎదురు చెప్పే అవకాశం లేదు. అతన్ని కథ మొదటి నుంచీ తప్పు లెక్క వేసుకున్నవాడిగా నిలబెట్టింది కాబట్టి, అతను వినడానికే పనికొస్తాడు. వాదనలో ఎదుటివాడి నోరు కట్టేసి గెలవడం ఫాక్నర్ స్థాయి రచయిత చెయ్యాల్సిన పని కాదు.

కథ వచ్చిన పత్రికనీ గుర్తుపెట్టుకోవాలి. శాటర్డే ఈవెనింగ్ పోస్ట్ రూజ్వెల్ట్ పథకాలని మొదటి నుంచీ వ్యతిరేకించిన పత్రిక. లక్షల కాపీలు అమ్ముడుపోయేది, కథలకి మంచి డబ్బిచ్చేది. ఫాక్నర్‌కి డబ్బు అవసరం ఎప్పుడూ ఉండేది. అందుకని ఆయన అమ్ముడుపోయి రాశాడనను. ఆయన నమ్మిందే రాశాడు. 1938లో, తన నవల సినిమా హక్కులు అమ్మిన డబ్బుతో ఆక్స్‌ఫర్డ్ ఊరికి దూరంగా 320 ఎకరాలు కొని, గ్రీన్‌ఫీల్డ్ ఫార్మ్ అని పేరుపెట్టి, లాభం మాట పక్కనపెట్టి కంచరగాడిదలు పెంచుతానని పట్టుబట్టిన మనిషి ఆయన. ఆ పొలం చూసుకున్న తమ్ముడు జాన్ కూడా 1941లోనే 'మెన్ వర్కింగ్' అనే నవల రాశాడు. పనికి ఆహారం లాంటి అప్పటి ప్రభుత్వ ఉపాధి పథకం కోసం పొలం వదిలి పట్నం చేరిన కుటుంబం మీద వ్యంగ్యం అది. ఆ ఇంట్లో ఈ అభిప్రాయం గాలిలో ఉండేది.

రెండో అనుమానం పెద్దది. మెకాలమ్‌లు డబ్బు వద్దనగలిగారు. బాగుంది. ఎందుకు అనగలిగారు? నేల వాళ్ళది. ఇల్లు వాళ్ళది. పత్తి అమ్ముడుపోకపోయినా తినడానికి ఉంది, మరుసటేడు పశువులకి మళ్ళడానికి మేత బీడు ఉంది. డబ్బు వాళ్ళ గుమ్మం దాకా వచ్చింది కాబట్టి వాళ్ళు వద్దన్నారు. గుమ్మం దాకా రానివాడు ఏమనాలి? ఆ కౌంటీ లాంటి కౌంటీల్లో పత్తి పండించినవాళ్ళలో చాలామందికి సొంత నేల లేదు. పాలుకి చేసేవాళ్ళు, కౌలుకి చేసేవాళ్ళు. నల్లవాళ్ళూ ఉన్నారు, తెల్లవాళ్ళూ ఉన్నారు. మార్షల్ అంతసేపు మాట్లాడి, ప్రభుత్వం చేసిన అన్యాయాలన్నీ ఏకరువు పెట్టి, వీళ్ళ దగ్గరికి రాడు. కథ బరువంతా సొంత భూమి ఉన్నవాడి ఆత్మగౌరవం మీదే నిలిచింది.

రాకపోవడానికి కారణం ఉంది. వీళ్ళని కథలోకి రానిస్తే వాదన తలకిందులవుతుంది. ప్రభుత్వం డబ్బిచ్చి రైతు వెన్నెముక విరిచిందని మార్షల్ ఫిర్యాదు. పాలికాపుల ఫిర్యాదు వేరు. ఆ డబ్బు మాకు రాలేదు, పైగా ఆ డబ్బు వల్లే మేం నేల వదిలి వెళ్ళాల్సి వచ్చింది అన్నది వాళ్ళ మాట. 1934, 35 పత్తి ఒప్పందాల్లో లెక్క ఇలా ఉండేది: బీడు పెట్టిన నేల మీద పౌనుకి నాలుగున్నర సెంట్లు. అందులో నాలుగు సెంట్లు భూస్వామికి, అర సెంటు పాలికాపుకి. ఆ అర సెంటు కూడా భూస్వామి చేతుల మీదుగానే రావాలి, పాత బాకీ కింద జమ చేసుకోగా మిగిలితే. ఇక సాగు తగ్గింది కాబట్టి మనుషులూ తగ్గాలి. చట్టపు ఒప్పందంలో ఏడో సెక్షన్ అని ఒకటి ఉండేది. వీలైనంతవరకు కౌలుదార్లని తీసేయొద్దు అని. ఆ 'వీలైనంతవరకు' అన్న మాట ఎవరి చేతిలో ఉందో వేరే చెప్పాలా.

1934 జూలైలో ఆర్కన్సా రాష్ట్రం, పాయిన్‌సెట్ కౌంటీలో టైరోంజా అనే చిన్న ఊరి దగ్గర పద్దెనిమిది మంది ఒక బడిలో కలిశారు. పదకొండు మంది తెల్లవాళ్ళు, ఏడుగురు నల్లవాళ్ళు. దక్షిణాది కౌలుదార్ల సంఘం అలా పుట్టింది. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఒకే సంఘంలో కూర్చోవడమే ఆ రోజుల్లో ప్రాణాల మీదికి తెచ్చే పని. వాళ్ళు అడిగింది రెండే విషయాలు. సర్కారు సొమ్ములో మా వంతు నేరుగా మాకివ్వండి, మమ్మల్ని నేల మీంచి గెంటకండి. వాషింగ్టన్‌లో, వ్యవసాయ శాఖలోనే, జెరోమ్ ఫ్రాంక్ అనే లాయరు, ఆయన దగ్గర పనిచేసే కుర్ర లాయర్లు కొందరు, ఏడో సెక్షన్ అర్థం ఉన్న కౌలుదార్లని ఉంచాల్సిందే అని అభిప్రాయం రాశారు. 1935 ఫిబ్రవరిలో ఫ్రాంక్‌తో సహా కొందరి ఉద్యోగాలు ఊడాయి. డబ్బు వద్దన్నవాళ్ళ కథ పత్రికలో వచ్చేనాటికి, మా డబ్బు మాకివ్వండి అన్నవాళ్ళు దెబ్బలు తిని ఆరేళ్ళయింది.

ఇక్కడే 1941లో వచ్చిన ఇంకో పుస్తకం గుర్తొస్తుంది. జేమ్స్ ఏజీ వచనం, వాకర్ ఎవాన్స్ ఫోటోలు కలిసిన 'లెట్ అజ్ నౌ ప్రెయిజ్ ఫేమస్ మెన్'. ఫార్చ్యూన్ పత్రిక పంపితే వీళ్ళిద్దరూ 1936 వేసవిలో అలబామాలోని హేల్ కౌంటీకి వెళ్ళి మూడు కౌలు కుటుంబాలతో గడిపారు. పత్రిక ఆ వ్యాసం వెయ్యలేదు. అయిదేళ్ళ తర్వాత పుస్తకంగా వస్తే మొదట ఆరొందల కాపీలు పోయాయంతే. ఆ మూడు కుటుంబాల్లో ఏజీ గడ్జర్ అని మారుపేరు పెట్టిన కుటుంబానికి కంచరగాడిద కూడా లేదు. అందుకని పంటలో సగం యజమానికి. మిగతా రెండు కుటుంబాలకి గాడిదలున్నాయి కాబట్టి పత్తిలో మూడోవంతు, మొక్కజొన్నలో నాలుగోవంతు ఇస్తే చాలు. ఎవరికి ఏముంటే ఎంత పోతుందన్న ఆ లెక్క, మా ఊళ్ళో ఎడ్లు ఉన్నవాడి కౌలుకీ, లేనివాడి పాలుకీ ఉన్న తేడా లాంటిదే. చదువుతుంటే అలబామా అని మర్చిపోతాను.

ఏజీ పుస్తకం చదవడం కష్టం. తన మీద తను అనుమానపడుతూ, క్షమాపణలు చెప్పుకుంటూ, మంచం కిందా బల్ల సొరుగుల్లోనూ ఉన్న ప్రతి వస్తువునీ పేరుపేరునా రాస్తూ పోతాడు. విసుగొస్తుంది. కానీ ఫాక్నర్ కథలో లేనిది అక్కడ ఉంది: బీదవాళ్ళ ఇంటికి వెళ్ళి, వాళ్ళ గురించి రాసి, డబ్బు తీసుకునే నేను ఎవరిని అన్న ప్రశ్న. పియర్సన్‌కి ఆ ప్రశ్న రాకుండా మార్షల్ అడ్డుపడ్డాడు. ఏజీకి అలా అడ్డుపడేవాళ్ళు లేరు. ఒకే ఏడు, ఒకే పత్తి నేలల మీద వచ్చిన రెండు రచనల్లో ఒకటి వద్దనగలిగినవాళ్ళని కీర్తించింది. రెండోది ఆ మాట అనే వీలే లేనివాళ్ళ ఇంట్లో కూర్చుని, ఏం రాయాలో తెలియక తల్లడిల్లింది. నాకిప్పుడు రెండోదే ఎక్కువ నిజాయితీగా కనిపిస్తోంది.

ఇరవై ఏళ్ళ తర్వాత జోసెఫ్ హెల్లర్ ఈ మెకాలమ్ బొమ్మని తిరగేసి చూపించాడు. 1961 నాటి 'క్యాచ్-22' నవలలో మేజర్ మేజర్ తండ్రి ఒక రైతు. దైవభక్తి, కష్టపడే గుణం, ప్రభుత్వం ఎవరికి ఏ సాయం చేసినా దేశం పాడైపోతుందన్న గట్టి నమ్మకం ఉన్నవాడు. ఆయన పండించనిది అల్ఫాల్ఫా గడ్డి. పండించని ప్రతి బస్తాకీ ప్రభుత్వం డబ్బిస్తుంది. ఆ డబ్బుతో ఇంకా నేల కొంటాడు, దాన్లో ఇంకా ఎక్కువ అల్ఫాల్ఫా పండించకుండా ఉండటానికి. నవ్వకుండా చదవలేం. కానీ హెల్లర్ పట్టుకున్నది జోకు మాత్రమే కాదు, యంత్రాంగం కూడా. ఎకరాల లెక్కన డబ్బిస్తే, ఎకరాలున్నవాడికి వస్తుంది. వచ్చిన డబ్బు ఇంకా ఎకరాలవుతుంది. ఆ ఎకరాలకి ఇంకా డబ్బు వస్తుంది. ఫాక్నర్ మార్షల్ ఉపన్యాసంలో కనపడని సంగతి హెల్లర్ జోకులో కనపడింది.

నేనుండే కౌంటీ మొక్కజొన్న, సోయా నేల. ఇక్కడ ఏ కౌంటీలో ఎవరికి ఎంత వ్యవసాయ సబ్సిడీ ముట్టిందో 1995 నుంచీ లెక్కలు ఒక పర్యావరణ సంస్థ ఇంటర్నెట్‌లో పెట్టింది. కౌంటీ పేరు కొడితే జాబితా వస్తుంది. ఒక రాత్రి కూర్చుని మా కౌంటీ జాబితా చదివాను, నవల చదివినట్టు. పై వరసలో చాలా పేర్ల చివర ట్రస్ట్, ఫార్మ్స్, పార్ట్‌నర్‌షిప్ అని ఉన్నాయి. కింద కింద చిన్న మొత్తాలు. ఆ జాబితాని అలా చూసి వీళ్ళు దోచుకుంటున్నారని తీర్పు చెప్పడం సులభం. కానీ 2018లో చైనాతో సుంకాల గొడవ వచ్చి సోయా కొనేవాడు లేకుండా పోయినప్పుడు, ప్రభుత్వం రెండేళ్ళలో 28 వందల కోట్ల డాలర్ల సాయం ప్రకటిస్తే, అది లేకపోతే పొలాలు బ్యాంకులపాలయ్యేవాళ్ళూ ఆ జాబితాలోనే ఉన్నారు. జాబితాలో పేర్లు ఉంటాయి గాని, ఎవరు దున్నారో ఉండదు. రాని పేర్లు అసలే ఉండవు.

ఆ రాని పేర్ల సంగతి ఒక కోర్టు కేసులో బయటపడింది. 1997లో నల్లజాతి రైతులు వ్యవసాయ శాఖ మీద వేసిన దావా, 1999లో ఒప్పందంతో ముగిసింది. వాళ్ళ వాదన కౌంటీ కమిటీల గురించి. అప్పు ఎవరికివ్వాలి, సాయం ఎవరికివ్వాలి అన్నది ఊళ్ళోవాళ్ళే ఎన్నుకున్న కౌంటీ కమిటీ చేతిలో ఉండేది. వినడానికి ఎంత ప్రజాస్వామ్యం! ఊళ్ళో ఎవరి మాట చెల్లుతుందో కమిటీలో వాళ్ళే ఉంటారు కాబట్టి, నల్లవాడి అర్జీ బల్ల మీద కదలకుండా ఉండేది, కదిలేసరికి విత్తే అదను దాటేది. చివరికి వంద కోట్ల డాలర్లకి పైగా పరిహారం చెల్లించారు. 1920లో ఆ దేశంలో తొమ్మిది లక్షల పైచిలుకు నల్లజాతి రైతులుండేవాళ్ళు. పరిహారం వచ్చేనాటికి తీసుకోడానికి ఎంతమంది మిగిలారన్నది వేరే కథ. ఢిల్లీ కన్నా ఊరే న్యాయంగా ఉంటుందని నమ్మే మార్షల్ గాంబోల్ట్‌కి ఈ కేసు కాగితాలు చూపించాలనిపిస్తుంది.

మళ్ళీ మా ఊరికి వస్తాను. రైతుబంధు 2018 మే 10న హుజూరాబాద్‌లో మొదలైంది. మొదట ఎకరానికి పంటకి నాలుగువేలు, తర్వాత అయిదువేలు. ఇప్పుడు పేరు మారి రైతు భరోసా అయింది, ఏడాదికి ఎకరానికి పన్నెండువేలు అయింది. ఎన్ని మారినా ఒకటి మారలేదు. డబ్బు పట్టాదారు పాసుపుస్తకం మీద పేరున్నవాడికి వస్తుంది. దున్నేవాడికి కాదు. ఈ పథకం వల్ల సొంత నేల చేసుకునే చిన్న రైతు విత్తనాలకి వడ్డీ వ్యాపారి దగ్గరికి పోకుండా ఆగాడు, అది చిన్న సంగతేం కాదు. నేను పథకాన్ని ఎత్తిపొడవడానికి రాయడం లేదు. కానీ ఏడో సెక్షన్ వాదన 1935లో ఎక్కడ ఆగిందో మనమూ అక్కడే ఆగాం. ఆంధ్రలో 2011లో కౌలుదార్లకి గుర్తింపు కార్డుల చట్టం వచ్చింది, అప్పుడు తెలంగాణా అందులోనే ఉంది. 2019లో ఆంధ్రప్రదేశ్ ఇంకో చట్టం చేసింది, దాని ప్రకారం సాగు హక్కు పత్రం కావాలంటే యజమాని సంతకం పెట్టాలి. అంటే మళ్ళీ వీలైనంతవరకు.

యజమాని ఎందుకు పెట్టడు? నాకు తెలుసు, నేనే యజమానిని కాబట్టి. 1950 నాటి హైదరాబాదు కౌలు చట్టం, రక్షిత కౌలుదార్లు, కోర్టులు, ఇవన్నీ మా ఇళ్ళలో తాతల నాటి భయాలు. కాయితం మీద ఒక్కసారి పేరెక్కితే నేల చేజారుతుందని మా నాన్న చెప్పేవాడు. కౌలు మాట నోటితోనే, డబ్బు చేతిలోనే.

మన కథల్లో నేల గురించి తక్కువ రాయలేదు. కారా మాస్టారి 'యజ్ఞం'లో అప్పల్రాముడి అప్పు మీద శ్రీరాములునాయుడు తీర్పు చెప్పే పద్ధతి చూడండి. అక్కడ ఊరి పెద్ద మంచివాడే. న్యాయం చెయ్యాలనే కూర్చున్నాడు. ఆ మంచితనంతోనే ఒక కుటుంబం నాశనమవుతుంది. అప్పు గురించి అంత లోతుగా చూసిన మన కథ, సర్కారు సొమ్ము నేరుగా ఖాతాలో పడే ఈ కాలం గురించి ఇంకా అంత గట్టిగా మాట్లాడలేదనిపిస్తుంది, నేను చదివినంతలో. మన కథలో బాకీ వసూలు చేసేవాడు విలనుగా సులభంగా దొరుకుతాడు. ఫోనులో మెసేజ్ చూసుకుని, ఊరికి దూరంగా, ఎవరికీ అన్యాయం చెయ్యకుండానే అన్యాయంలో వంతు పుచ్చుకునే నాలాంటివాడిని పాత్రగా పట్టుకోవడం కష్టం. ఆ కథ రాసినవాడికి చేతిలో మార్షల్ ఉండడు. ఏజీలా తన్ను తానే అనుమానించుకోవాలి.

ఫాక్నర్ కథ చదివిన తర్వాత నేను మెకాలమ్‌లా ఒక పని చేద్దామనుకున్నాను. మరుసటిసారి మెసేజ్ రాగానే ఆ 13,750 రూపాయలూ మామకి పంపేశాను. ఫోను చేశాడు. సంతోషపడతాడనుకున్నాను. కాసేపు ఊళ్ళో సంగతులు చెప్పాడు. తర్వాత అన్నాడు:

"ఈ పైసలు నువ్వు ఇయ్యవడ్తివి, మంచిదే బిడ్డా. వచ్చేసారి ఇయ్యకుంటె నేను అడగస్తదా? ఇచ్చేటోనివైతె ఒక కాయితం రాసియ్యి. బ్యాంకుల చూపెట్టుకుంట. పంట పోతె నా పేరు కూడ రాసుకుంటరు."

డబ్బు వద్దనడం నాకు తేలికే అయింది. మెకాలమ్‌లకీ అంతే అయి ఉంటుంది. నేల ఉన్నవాడు వద్దన్నా, తీసుకుని దానమిచ్చినా, మాట అతని దగ్గరే ఉంటుంది. టైరోంజా బడిలో కూర్చున్న పద్దెనిమిది మందికి కావలసింది భూస్వామి మంచితనం కాదు, కాయితం. మామ అడిగిందీ అదే, తొంభై ఏళ్ళ తర్వాత.

అలాగే మామా, చూద్దాం, అన్నాను. ఈ వ్యాసం రాయడం మొదలుపెట్టిన రోజు నుంచీ ఆ కాయితం సంగతే తలలో తిరుగుతోంది. తెలిసిన వకీలుని అడిగాను. పర్వాలేదు, పదకొండు నెలలకి రాసి ఏటా తిరగరాయండి అన్నాడు. మా అన్నయ్యని అడిగాను. నీకేమన్నా పిచ్చా అన్నాడు.

ఇంకా రాయలేదు.